ఆఫీసు పనీ ఇల్లూ ఢీకొంటుంటే ఎలా సర్దుకోవాలి?

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఇంట్లో స్కూలుకెళ్లే పిల్లలుండి, ఇద్దరిలో ఒకరికైనా సాయంత్రాలు అమెరికా వాళ్లతో కాల్స్ ఉండే ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లో గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్ అపార్ట్‌మెంట్లలో ఏ తలుపు తట్టినా ఇలాంటి ఇల్లు కనిపిస్తుంది. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో పనిచేసేవాళ్లకు వేళలు వేరుగా ఉంటాయి గానీ చిక్కు ఇదే.

ఈ చిక్కుకు అందరూ చెప్పే మందు టైమ్ మేనేజ్‌మెంట్. ఉదయం అయిదింటికే లేవండి, రేపటి కూరలు ఈ రాత్రే తరిగి పెట్టుకోండి, కాసేపు యోగా చేయండి అంటారు. ఊపిరాడని మనిషికి ఇంకో మూడు పనులు అప్పజెప్పడమే ఇది. నేను చూసినంతలో చాలా ఇళ్లలో రోజంతా గొడవ ఉండదు. ఏదో ఒకటి రెండు చోట్ల మాత్రం ఆఫీసూ ఇల్లూ ఒకే నిమిషంలో ఒకే మనిషిని చెరో చెయ్యీ పట్టుకుని లాగుతాయి. నిద్ర చెడేదీ, మాటా మాటా పెరిగేదీ అక్కడే. ఆ చోటేదో పట్టుకుని దాన్ని కాస్త పక్కకు జరపగలిగితే, మిగతా రోజు ఎంత హడావిడిగా ఉన్నా తట్టుకోవచ్చు.

ముందు ఒంటి సంగతి చూసుకోండి

ఈ లాగుడు మొదట బయటపడేది మనసులో కాదు, ఒంట్లో. పదిన్నరకు కాల్ అయిపోతుంది, లాప్‌టాప్ మూసేస్తారు, కానీ పన్నెండున్నర దాకా కునుకు పట్టదు. ఆ రెండు గంటలూ ఫోన్‌లో రీల్స్ చూస్తూ గడిచిపోతాయి. ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి కడుపులో ఏదో బరువు మొదలవుతుంది. కడుపులో మంట, మెడనొప్పి, చీటికిమాటికి తలనొప్పి. ఇంట్లోవాళ్లు మాట్లాడుతుంటే చెవిన పడుతుంది గానీ బుర్రకెక్కదు. పిల్లాడు గ్లాసు పాలు ఒలకబోస్తే, నిజానికి మధ్యాహ్నం క్లయింట్ అన్న మాటకు రావలసిన కోపం వాడి మీదికి వస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద అని మనవాళ్లు ఊరికే అనలేదు.

వీటిలో రెండు మూడు నెలరోజులుగా కనిపిస్తుంటే తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క తేల్చాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకుమించి చేసేవాళ్లకు పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీ గంటలు ఓసారి నిజాయతీగా కలుపుకోండి. పగటి ఆఫీసుకు రాత్రి కాల్స్, ‘ఒక్క మెయిల్ చూసి వస్తా’ అన్న ఆదివారం గంటన్నర కూడా కలిపితే 55 దాటేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు.

ఇంకోమాట. అలసటకు కారణం ఆఫీసే అని ముందే తీర్మానించుకోకండి. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు ఒకసారి చేయించండి. థైరాయిడ్ తేడా పెట్టుకుని మేనేజర్‌ను తిట్టుకుంటూ కూర్చుంటే ఏం లాభం?

రెండు వారాలు రాసుకోండి

డైరీ రాయమని కాదు. పనికీ ఇంటికీ గుద్దుకున్నప్పుడు మాత్రం ఒక్క లైను రాయండి. రోజు, టైము, ఏం జరుగుతోంది, ఎవరెక్కడ ఉన్నారు, అంతే. ఫోన్ నోట్స్‌లోనైనా సరే. ఉదాహరణకు ఇలా:

మంగళవారం రాత్రి 8:35. స్టాండప్ (టీమ్ రోజువారీ చిన్న మీటింగ్) మొదలైంది. కుక్కర్ మూడో విజిల్. చిన్నది స్కూల్ డైరీ పట్టుకొచ్చి సంతకం పెట్టమంది. మ్యూట్ చేసి అరిచాను. తను ఇంకా క్యాబ్‌లోనే, బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర.

గురువారం రాత్రి 8:40. మళ్లీ అదే. ఈసారి మ్యూట్ నొక్కకుండానే అరిచాను.

శుక్రవారం ఉదయం 8:05. స్కూల్ బస్ వచ్చేసింది. ప్రాజెక్టుకు చార్ట్ కావాలని నిన్న వాట్సాప్ గ్రూపులో పెట్టారట. నేను చూడలేదు, తనకు ఆ గ్రూపులో ఉండాలనే తెలియదు.

ఇద్దరూ విడివిడిగా రాయాలి, రెండో వారం అయ్యేదాకా ఒకరిది ఒకరు చూడకూడదు. చూస్తే అది సాక్ష్యాల చిట్టా అయిపోతుంది, ‘చూశావా, నేను చెప్పలా’ అని మొదలవుతుంది. రెండు వారాలయ్యాక, పిల్లలు పార్కుకెళ్లిన ఆదివారం పొద్దున రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. చాలామందికి కనపడేది ఇదే: వారమంతా యుద్ధంలా అనిపించింది గానీ సగానికి సగం గొడవలు ఒకే అరగంటలో, ఒకే కారణానికి జరిగాయి. ఇంకో విషయం కూడా తేలుతుంది. ఒకరి కాగితంలో పన్నెండు లైన్లుంటాయి, రెండోవాళ్లదాంట్లో మూడే ఉంటాయి. దాని సంగతి కింద చెప్తాను.

ఏ రకం గొడవో తేల్చుకోండి

అమెరికాలో జెఫ్రీ గ్రీన్‌హాస్, నికొలస్ బ్యూటెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో దీన్ని మూడు రకాలుగా విడదీశారు. ఇప్పటికీ ఇంతకన్నా పనికొచ్చే విభజన నాకు కనిపించలేదు.

మొదటిది టైము గొడవ. ఒకే సమయానికి రెండుచోట్ల ఉండాలి. పైన మంగళవారం లైను ఇదే. రెండోది అలసట గొడవ. మనిషి ఇంట్లోనే ఉంటాడు, టైమూ ఉంటుంది, కానీ ఆఫీసు టెన్షన్ ఇంకా ఒంట్లోంచి దిగదు. పక్కన కూర్చున్నా లేనట్టే. మూడోది తీరు గొడవ. ఆఫీసులో పనికొచ్చే పద్ధతి ఇంట్లో పనికిరాదు. నాలుగో క్లాసు పిల్లాణ్ని ‘హోంవర్క్ స్టేటస్ ఏంటి? ఎప్పటికి క్లోజ్ చేస్తావ్?’ అని అడిగే తండ్రులు నాకు తెలుసు. వాడు రెండుసార్లు చెప్తాడు, మూడోసారి తలుపేసుకుంటాడు.

ప్రతి లైను పక్కనా టైము, అలసట, తీరు అని ఏదో ఒకటి రాయండి. మూడింటికీ మందులు వేరు. టైము గొడవకు ధ్యానం చేస్తే ఏం లాభం లేదు, ఎనిమిదిన్నర కాల్ ఎనిమిదిన్నరకే ఉంటుంది. అలసట గొడవకు క్యాలెండర్ సర్దుకున్నా లాభం లేదు, ఖాళీ చేసుకున్న గంటలో కూడా మొహం ముడుచుకునే కూర్చుంటారు.

ఎటు నుంచి ఎటు వస్తోందో కూడా బాణం గుర్తు వేయండి. ఆఫీసే ఇంటి మీద పడాలని లేదు. నాన్నగారికి కంటి ఆపరేషన్, పిల్లకు అమ్మవారు, అద్దింటి ఓనరు ఖాళీ చేయమనడం, ఇవన్నీ ఇంటి నుంచి ఆఫీసులోకి వచ్చేవే. ఇటు నుంచి వచ్చేవాటికి లీవు, మనిషి సాయం కావాలి. అటు నుంచి వచ్చేవాటికి మేనేజర్‌తో మాట్లాడాలి.

టైము గొడవ: క్యాలెండర్‌నే జరపండి

అమెరికా టీమ్‌లతో పనిచేసేవాళ్లకు ఏడాదిలో రెండు తేదీలు కీలకం. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి వస్తాయి. మన గడియారం కదలదు. కాబట్టి న్యూయార్క్‌లో ఉదయం పదింటి స్టాండప్ ఎండాకాలమంతా మనకు రాత్రి ఏడున్నరకు పడుతుంది, నవంబర్ నుంచి ఎనిమిదిన్నరకు పడుతుంది. ఏడున్నర అంటే పిల్లలు ఆడుకునో, ట్యూషన్ నుంచో వచ్చే వేళ, ఎలాగో నెట్టుకురావచ్చు. ఎనిమిదిన్నర అంటే అన్నం, సంతకాలు, యూనిఫాం, నిద్ర, నాలుగూ కలిసే వేళ. నవంబర్ నుంచి మార్చి దాకా కొన్ని ఇళ్లలో రాత్రిళ్లు ఎందుకు చిరాగ్గా ఉంటాయో ఎవరికీ అర్థం కాదు, ‘ఈమధ్య ఇద్దరికీ పడటం లేదు’ అనుకుంటారు. గడియారం మారిందని గుర్తుండదు. ఇంగ్లండ్ టీమ్ అయితే మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం.

అందుకని అక్టోబర్‌లోనే మేనేజర్‌కు రాయండి. మాటల్లో అడిగేకన్నా రాసి, తర్వాత మాట్లాడటం మేలు. సారాంశం ఇలా ఉండాలి:

‘నవంబర్ మొదటి ఆదివారం తర్వాత మన స్టాండప్ నాకు రాత్రి 8:30కి పడుతుంది. మీ వైపు 9:00కి జరిపితే నాకు పాత 7:30 అలాగే ఉంటుంది. అది కుదరకపోతే మంగళ, గురువారాలు నా అప్‌డేట్ గంట ముందే రాసి పెడతాను, అత్యవసరమైతే ఫోన్ చేయండి, అయిదు నిమిషాల్లో వస్తాను. నాలుగు వారాలు ఇలా చేసి చూద్దాం, పనికి ఇబ్బందైతే మళ్లీ పాత పద్ధతికి వెళ్దాం.’

ఇందులో ఏం లేదో గమనించండి. క్షమాపణ లేదు, ఇంటి రామాయణం లేదు, ‘నాకు చాలా కష్టంగా ఉంది’ అన్న మాట కూడా లేదు. రెండు దారులు చూపించి, ఆఫీసు ఏమీ కోల్పోదని చెప్పి, వెనక్కి వెళ్లే తలుపు తెరిచి పెట్టారు. ‘వద్దు’ అనడానికి పెద్దగా ఆస్కారం లేదు. అప్రైజల్ నెలలో మాత్రం ఈ మాట ఎత్తకండి, అప్పుడు ఏది అడిగినా మార్కుల లెక్కలోకి పోతుంది.

ఒక్కరే అడిగితే భయం, నలుగురు కలిస్తే అదే మామూలు విషయం. టీమ్‌లో ఇదే అరగంటతో అవస్థపడేవాళ్లు ఇంకొందరు తప్పకుండా ఉంటారు. అమెరికాలో ఒక పెద్ద సంస్థ ఐటీ విభాగంలో ఇలాంటిదే చేసి చూశారు, ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. ఎప్పుడు, ఎక్కడ నుంచి పనిచేయాలో టీమే కలిసి తేల్చుకోనిచ్చారు, ఉద్యోగుల కుటుంబ అవసరాలను గుర్తించడంలో మేనేజర్లకు శిక్షణ ఇచ్చారు. అలా చేసిన టీమ్‌లలో ఇంటికీ పనికీ మధ్య గుద్దులాట తగ్గింది. దానికోసం ఎవరినీ అయిదింటికి లేవమనలేదు.

మాట వినని మేనేజర్లూ ఉంటారు. ఆఫీసు అయ్యాక ఫోన్ ఎత్తకపోయే హక్కును ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో చట్టంలోకి తెచ్చాయి. మన పార్లమెంటులో 2018లో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యులు పెట్టేది) పెట్టారు గానీ అది చట్టం కాలేదు. కాబట్టి ఇక్కడ చట్టం పేరు చెప్పి కూర్చోవడానికి లేదు, బేరమాడుకోవాల్సిందే. హెచ్1బీ వీసా మీద అమెరికాలో ఉన్న మనవాళ్లది ఇంకా ఇరుకైన పరిస్థితి. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి, ఆ భయంతో రాత్రి పదింటి మెసేజ్‌కీ జవాబిస్తుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: అన్నిటికీ కాదనకండి, వారంలో రెండు సాయంత్రాలు మాత్రం కదపకుండా ఉంచుకోండి, ఆ రెండూ ఏవో టీమ్‌కు ముందే తెలియనివ్వండి.

అలసట గొడవ: మధ్యలో ఒక అరుగు కట్టుకోండి

రీనా రెపెట్టి అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో విమానాల రాకపోకలు నియంత్రించే ఉద్యోగుల మీద ఒక అధ్యయనం చేశారు. పని బాగా ఎక్కువైన రోజు వాళ్లు ఇంటికొచ్చి మౌనంగా, ముభావంగా ఉండేవాళ్లు. ఇంట్లోవాళ్లు కాసేపు వాళ్లను అలా వదిలేస్తే కోపతాపాలు కూడా తక్కువగా ఉండేవి. మన ఇళ్లలో గొడవ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. వచ్చిన మనిషి మాట్లాడకపోతే ‘నా మీద కోపమా’ అనుకుంటారు. ఎదురుచూసిన మనిషికేమో పొద్దుట్నుంచీ చెప్పాల్సినవి పేరుకుపోయి ఉంటాయి. ఇద్దరిదీ తప్పు కాదు.

కాబట్టి ఇద్దరూ ఒక ఒప్పందానికి రండి. ఇంటికొచ్చిన, లేదా లాప్‌టాప్ మూసిన మొదటి ఇరవై నిమిషాలు ప్రశ్నలు లేవు, ఫిర్యాదులు లేవు. మొహం కడుక్కోవడం, బట్టలు మార్చుకోవడం, టీ. ఆ తర్వాత మాత్రం ఫోన్ పక్కన పెట్టి వచ్చి కూర్చోవాలి. ఈ రెండో సగం తప్పితే మొదటి సగం చెల్లదు. ఇరవై నిమిషాలు గంటై, గంట రాత్రయితే అది విశ్రాంతి అనిపించుకోదు, తప్పించుకోవడం అవుతుంది.

ఇద్దరూ ఒకేసారి వచ్చే ఇళ్లలో ‘నా ఇరవై నిమిషాలు ముందా, నీ ఇరవై నిమిషాలు ముందా’ అని ఇంకో పంచాయితీ మొదలవుతుంది. రోజు మార్చి రోజు వంతులు వేసుకోండి. లేదంటే ఆ ఇరవై నిమిషాలు దారిలోనే తీసుకోండి. మెట్రోలో నాగోల్ వైపు వెళ్లేవాళ్లయితే అమీర్‌పేట దాకా ఆఫీసు మెసేజ్‌లు చూసుకుని, అక్కడి నుంచి ఫోన్ జేబులో పెట్టేయండి. వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లకు దారే ఉండదు, అందుకే వాళ్లకు ఈ తలనొప్పి ఎక్కువ. బెడ్‌రూమ్ నుంచి వంటింటికి పది అడుగుల్లో మేనేజర్ కాస్తా నాన్న అయిపోవాలంటే ఎవరివల్లా కాదు. కాల్ అవగానే చెప్పులేసుకుని కింద అపార్ట్‌మెంట్ చుట్టూ రెండు రౌండ్లు తిరిగి, పాల ప్యాకెట్టో కొత్తిమీర కట్టో పట్టుకుని మళ్లీ తలుపులోంచి రండి.

జర్మన్ పరిశోధకురాలు సబీన్ సోనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో అలసట తీరే దారులు నాలుగు చెప్పారు. పని సంగతి పూర్తిగా మర్చిపోవడం, ఒళ్లు సడలించడం, కొత్తగా ఏదైనా నేర్చుకోవడం, మన టైము మన చేతిలో ఉండటం. రీల్స్ వీటిలో దేని కిందికీ సరిగ్గా రావు. అరగంట చూసినా పని మర్చిపోలేం, మధ్యలో నోటిఫికేషన్ వస్తూనే ఉంటుంది. దానికి బదులు బ్యాడ్మింటన్, వారానికి ఒక రోజు సంగీతం క్లాసు, మొక్కలకు నీళ్లు పెట్టడం, ఏదైనా సరే, ఆఫీసు నోటిఫికేషన్లు లేనిది పెట్టుకోండి.

మరీ బాగోలేని రోజు ఒక్క ముక్క చెప్పేయండి: ‘ఇవాళ ఆఫీసులో ఘోరంగా అయింది, నీ మీద కాదు, ఓ గంట ఆగు.’ పిల్లలకూ చెప్పొచ్చు. ఆరేళ్ల పిల్లకు కూడా ‘అమ్మకు కోపం వచ్చింది గానీ నీ మీద కాదురా’ అంటే అర్థమవుతుంది. చెప్పకపోతే మాత్రం తన వల్లే అనుకుంటుంది.

పన్నెండు లైన్లు, మూడు లైన్ల సంగతి

దేశవ్యాప్తంగా 2024లో జరిగిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనిలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు గడుపుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు గడుపుతున్నారు, అదీ అసలు ఆ పని చేసేవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే. మీ ఇంట్లో రెండు కాగితాలకీ అంత తేడా ఉంటే ఆశ్చర్యమేం లేదు.

ఇక్కడ చాలామంది భర్తలు మంచి మనసుతోనే అనే ఒక మాట ఉంది. ‘ఏం చేయాలో చెప్పు, చేస్తా.’ వినడానికి బాగుంటుంది. కానీ గిన్నెలు తోమడం కన్నా బరువైన పని అదే, ఏం చేయాలో గుర్తు పెట్టుకోవడం. టీకా ఎప్పుడు, గ్యాస్ బుకింగ్ ఎప్పుడు, స్కూల్ గ్రూపులో ఏం పెట్టారు, అత్తయ్య బీపీ మాత్రలు ఎన్నున్నాయి, శనివారం ఎవరి పిల్లాడి పుట్టినరోజు, గిఫ్టు కొన్నామా. ఇదంతా ఒక్క తలలో ఉంటే ఆ తల మీటింగ్‌లో ఉన్నప్పుడు కూడా ఇల్లు నడుపుతూనే ఉంటుంది.

కాబట్టి పనులు పంచుకోకండి, శాఖలు పంచుకోండి. స్కూల్ శాఖ నాన్నదైతే గ్రూపులో ఉండేది ఆయనే, చార్ట్ కొనేది ఆయనే, పేరెంట్ మీటింగ్‌కు లీవు పెట్టేదీ, మర్చిపోతే టీచరుతో మాట పడేదీ ఆయనే. అమ్మ గుర్తుచేయకూడదు. ఇదే అన్నిటికన్నా కష్టం, ముఖ్యంగా మొదటి నెల. చార్ట్ లేకుండానే పిల్ల ఒకరోజు స్కూలుకెళ్తుంది. వెళ్లనివ్వండి. ఆయన పెట్టిన టిఫిన్ బాక్సులో మూడు రోజులు బ్రెడ్ జామే ఉంటుంది, పిల్లలకు అదే పండగ.

పెద్దవాళ్లున్న ఇంట్లో ‘అమ్మావాళ్లు ఉన్నారుగా, ఇంకేం టెన్షన్’ అని బయటివాళ్లు అంటారు. డెబ్బై ఏళ్ల మనిషి మోకాళ్ల నొప్పులతో రెండేళ్ల పిల్లాడి వెంట పరిగెడుతుంటే, అక్కడ అలసట తీరింది ఎవరికి? సాయం అడిగేటప్పుడు ఇంత అని కొలిచి అడగండి. ‘అత్తయ్యా, మంగళవారం, గురువారం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా పిల్లల్ని మీ గదిలో కూర్చోబెట్టుకుంటారా? అన్నం నేను ముందే పెట్టేస్తాను. ఆదివారం మాత్రం మీరు గుడికెళ్లండి, టీవీ చూసుకోండి, వీళ్ల జోలికి రాకండి.’ ఇలా అడిగితే ఎవరూ కాదనరు, ఎక్కడిదాకానో తెలుస్తుంది కాబట్టి. అలాగే ఇంటి పనికొచ్చే ఆమెకు నెలలో సెలవు రోజులు ముందే ఖాయం చేయండి. ఆమె కూడా ఇంట్లో పిల్లల్ని వదిలేసి మన పిల్లల టిఫిన్ వేళకు పరిగెత్తుకొస్తోంది. పైగా, ఎప్పుడు రాదో ముందే తెలిస్తే మీ పొద్దుటి కంగారు సగం తగ్గుతుంది.

రావలసినవి తెలుసుకుని అడగండి

ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. 2017లో చట్టం సవరించాక వచ్చింది ఇది. యాభై, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలో పిల్లల్ని చూసుకునే క్రెష్ సదుపాయం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి పిల్లను చూసుకోవచ్చు. పని స్వభావం వీలిస్తే సెలవు అయ్యాక ఇంటి నుంచి పనిచేసేలా సంస్థతో ఒప్పందం చేసుకోవచ్చు. క్రెష్ సంగతి చాలామంది అడగరు, అడగరు కాబట్టి కొన్ని చోట్ల పెట్టరు. హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో అడగండి, నోటిమాటగా కాదు.

కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు, భార్య లేకుండా ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న మగ ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవు ఉంది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం. రాష్ట్ర ప్రభుత్వాల నిబంధనలు వేరు, మీ శాఖలో జీవో అడిగి చూసుకోండి. తండ్రులకు కేంద్ర ప్రభుత్వంలో 15 రోజులు సెలవుంది, ప్రైవేటులో మాత్రం చట్టమేం లేదు, కంపెనీ పాలసీయే దిక్కు. పాలసీలో ఉన్నా వాడుకోని తండ్రులను చూస్తే నాకు నిజంగా విసుగొస్తుంది. ‘టీమ్‌లో ఎవరూ తీసుకోలేదు’ అంటారు. మొదటివాడు ఎవరో ఒకడు కావాలి కదా.

సర్దుకుంటే తీరేది కాదని ఎప్పుడు గ్రహించాలి

కాల్ వేళ జరిపించుకున్నారు, శాఖలు పంచుకున్నారు, నెలన్నర అయింది. అయినా రాత్రిళ్లు నిద్ర లేదు, ఏడుపు ఆగడం లేదు, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోయింది, మందు అలవాటు పెరుగుతోంది, ఇంట్లో చెయ్యి లేస్తోంది. ఇది ఇక క్యాలెండర్ విషయం కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఫోన్ నంబరు 14416, పగలైనా రాత్రైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి. చాలా కంపెనీల్లో కౌన్సెలింగ్ సదుపాయం కూడా ఉంటుంది. అందులో చెప్పింది మేనేజర్‌కు చేరుతుందా అని ముందే అడిగి, సందేహం తీర్చుకుని వాడుకోండి.

కొన్నిసార్లు ఉద్యోగమే మారాలి. వారంలో ఆరు రాత్రులు పిలిచే టీమ్‌ను ఏ ఒప్పందమూ బాగుచేయదు. అలాంటప్పుడు ఇంటర్వ్యూలో జీతం గురించి అడిగినట్టే ‘టీమ్ ఎక్కడుంది, చివరి కాల్ మన టైములో ఎన్నింటికి?’ అని అడగండి. రెండు లక్షలు తక్కువకైనా ఏడున్నరకు ముగిసే ఉద్యోగం తీసుకోవచ్చా అన్నది ఇద్దరూ కూర్చుని ఈఎమ్ఐ కాగితం ముందు పెట్టుకుని తేల్చుకోవాల్సిన లెక్క. ఒక్కరే తీసుకునే నిర్ణయం కాదది.

జ్వరం రోజుకు కాగితం

ఎంత సర్దుకున్నా, పిల్లకు పొద్దున్నే 102 జ్వరం ఉన్న రోజు అంతా తలకిందులవుతుంది. ఆ పొద్దున ఏడింటికి ‘నాకు రిలీజ్ ఉంది’, ‘నాకు రివ్యూ ఉంది’ అని మొదలైతే చిలికి చిలికి గాలివానవుతుంది. అందుకే ముందే ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఈ నెల మొదటి లీవు ఎవరిది, రెండో లీవు ఎవరిది. ఒంటిగంట దాకా ఎవరు, తర్వాత ఎవరు. పిల్లల డాక్టరు నంబరు, జ్వరం మందు మోతాదు బరువును బట్టి ఎంతో డాక్టర్‌నే అడిగి రాసింది, ఇన్సూరెన్స్ కార్డు ఎక్కడుందో. దసరా, సంక్రాంతి సెలవులకూ ఇలాంటిదే ఇంకోటి కావాలి, స్కూలు మూసేసినా ఆఫీసు మూయదు కాబట్టి. ఇవి రాసేటప్పుడు ఇద్దరి ఆఫీసు క్యాలెండర్లూ తెరిచి పెట్టుకోండి. ఇద్దరికీ కదలడానికి వీల్లేని రోజులు నెలకు ఒకటో రెండో తగులుతాయి. ఆ రోజులకు అమ్మమ్మకో, బాబాయి వాళ్లకో, కింద ఫ్లోర్‌లో ఉండే ఆంటీకో ఈ వారంలోనే ఫోన్ చేసి చెప్పి ఉంచండి.